తీగ లేని కరెంటు, టెస్టర్ మొండయ్య

వరంగల్ కొత్తవాడలో మొండయ్య ఇల్లెక్కడని అడిగితే, ఏ మొండయ్య అని ఎదురు ప్రశ్న వస్తుంది. టెస్టర్ మొండయ్య అంటే మాత్రం ఎవరైనా దారి చూపిస్తారు. జంపఖానాలు నేసే మనిషికి ఆ పేరు చొక్కా జేబు వల్ల వచ్చింది. ఆ జేబులో ఎప్పుడూ కరెంటు టెస్టర్ ఉంటుంది. చుట్టాలింటికి పోతే కుర్చీలో కూర్చోకముందే కూలర్‌కు దాన్ని ఆనించి చూస్తాడు. పెళ్లి పందిట్లో లైట్ల దండలు చుట్టిన ఇనుప గుంజలకు ఆనించి చూస్తాడు. టెస్టర్‌లో దీపం వెలగకపోయినా అతనికి తృప్తి ఉండదు. అసలు టెస్టర్ పని చేస్తోందా లేదా అని స్విచ్ బోర్డులో పెట్టి దాన్నే ఇంకోసారి పరీక్షిస్తాడు.

ఇందులో నవ్వాల్సిందేమీ లేదని వాడకట్టు పెద్దవాళ్లకు తెలుసు. పడుచుతనంలో మొండయ్య, తమ్ముడు కట్టయ్య ఒకే షెడ్డులో పక్కపక్క పవర్‌లూమ్‌ల మీద పని చేసేవాళ్లు. ఒక వానాకాలం పొద్దున షెడ్డు నేలంతా చెమ్మగా ఉంది. కట్టయ్య మగ్గం చట్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తెగిన పోగు కోసం చూస్తున్నాడని అందరూ అనుకున్నారు. మంట లేదు, నిప్పురవ్వ లేదు, అరుపు లేదు. ఎవరికో అనుమానం వచ్చి మెయిన్ ఆపితే గాని కట్టయ్య చెయ్యి ఇనుమును వదల్లేదు. అప్పటికే ఆలస్యమైంది. మోటారు తీగ ఒకచోట ఒరుసుకుపోయి చట్రానికి తగిలిందని తర్వాత తేలింది.

మొండయ్య మళ్లీ పవర్‌లూమ్ ముట్టలేదు. ఇంట్లో తండ్రి వదిలేసిన చేమగ్గం మీద జంపఖానాలు నేయడం మొదలుపెట్టాడు. అక్కడ తన కాళ్లు, చేతులు తప్ప మరేదీ తనంతట తాను కదలదు. కరెంటు విషయంలో మాత్రం ఒక పట్టుదల మిగిలింది. తీగ కనపడాలి. ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో కంటితో చూడగలిగితేనే దాన్ని ఇంట్లో ఉండనిస్తాడు.

అలాంటి ఇంట్లోకి కూతురు రాజశ్రీ ఒక బిళ్లను తెచ్చింది.

రాజశ్రీ మడికొండ ఐటీ పార్కులో ఒక కంపెనీలో పని చేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటుంది. తండ్రికి తన పాత ఫోన్ ఇచ్చింది. మగ్గం ఉన్న ఇంట్లో ఏ ఫోనూ ఎక్కువ కాలం నిలవదు. నూలు దుమ్ము చార్జింగ్ పెట్టే బొర్రలోకి పోయి గట్టిగా కూరుకుపోతుంది. ఈ ఫోనుకూ అదే గతి పట్టింది. పిన్ను గుచ్చితే పైపైన నిలుస్తుంది, చెయ్యి తీస్తే ఊడిపోతుంది. ఆ బాధ తీరాలని రాజశ్రీ అరచేయంత నల్లటి గుండ్రని బిళ్ల తెచ్చి, కిటికీ పక్కన అరుగు మీద పెట్టి, దాని వైరును ప్లగ్గులో పెట్టింది.

"బాపూ, ఇగ ఫోన్ల పిన్ను గుచ్చుడు లేదు. దీని మీద పెడితే సాలు, చార్జింగ్ ఎక్కుతది."

"ఫోనుకు తీగేది?"

"తీగ బిళ్లకు ఉన్నది. ఫోనుకు అక్కర లేదు. వైర్‌లెస్."

"మరి బిళ్లల నుంచి ఫోన్లకు కరెంటు ఎట్ల పోతాంది?"

"అట్లనే పోతది బాపూ, నాకు బస్సు పోతాంది," అని ఆమె బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

అట్లనే పోతది అన్న మాట మొండయ్యకు నచ్చలేదు. విషయం దాచేవాళ్లు ఆ మాట అంటారు, తెలియనివాళ్లూ ఆ మాటే అంటారు. కూతురు ఈ రెండింట్లో ఏ లెక్కన అన్నదో అతనికి తేలలేదు. టెస్టర్ తీసి బిళ్లకు నాలుగు దిక్కులా ఆనించాడు. దీపం వెలగలేదు. ఫోన్ మీద మాత్రం బ్యాటరీ గుర్తు నిండుతోంది.

"యాదవ్వా, ఇటు రా," అని భార్యను పిలిచాడు. "టెస్టరేమో కరెంటు లేదంటాంది. ఫోనేమో ఎక్కుతాంది అంటాంది. రెండిట్ల ఒకటి అబద్ధమాడుతాంది."

"నీ టెస్టరే ఆడుతుండొచ్చు. అది సుత ముసల్దాయె," అంది యాదవ్వ, కండెలు చుట్టడం ఆపకుండానే.

అతను ఊరుకోలేదు. బిళ్లకూ ఫోనుకూ నడుమ కాగితం పెట్టాడు. చార్జింగ్ ఆగలేదు. అట్టముక్క పెట్టాడు. అప్పుడూ ఆగలేదు. జంపఖానా అంచును రెండు మడతలు చేసి పెడితే ఆగింది. అతనికి ఇంకో భయం పట్టుకుంది. కాగితంలోంచి, అట్టలోంచి పోయేది మనిషి తోలులోంచి పోదా?

దానికి తోడు ఆ బిళ్ల నడవడి కూడా అతనికి తిన్నగా కనిపించలేదు. తను మగ్గం మీద ఇనుప పళ్ల పంజాతో పేక నూలును దబదబా కొడుతుంటే, కాసేపటికి చార్జింగ్ ఆగిపోయేది. వచ్చి ఫోన్ ఎత్తి పెడితే మళ్లీ ఎక్కేది. దానికి ఇష్టమైతే ఇస్తాంది, లేకపోతే లేదు అనుకున్నాడు. యాదవ్వకు మోకాళ్ల నొప్పి ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు దాని నేరం కూడా బిళ్ల మీదే వేశాడు.

"గది వచ్చినంకనే నీ నొప్పి ఎక్కువైంది. దాని ముంగట కూసోకు."

"అది వచ్చి వారం కాలే. నా నొప్పికి నీ బిడ్డంత వయసుంటది."

"నువ్వు గమనిస్తలేవు. నేను చూస్తాన్న."

అతను నిజంగానే చూస్తూనే ఉన్నాడు. ఫోన్ లేనప్పుడు బిళ్ల ఊరికే ఉంటుందా అని వాకిట్లోకి పోయి మీటరు దగ్గర నిలబడేవాడు. కూతురితో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు, దాన్ని ఏ కొట్లో కొన్నావు, ఎవరు కొనమన్నారు అని తిప్పితిప్పి అడిగేవాడు. ఆమె జవాబు పొడిగా చెప్పేసరికి, ఏదో దాస్తోందని ఇంకా గట్టిగా అనుకునేవాడు.

ఆ రోజుల్లోనే యాదవ్వ తల్లిగారింటి వైపు చుట్టాల దినానికి పరకాల పోవలసి వచ్చింది. అక్కడ బావి మోటార్లకు, ట్రాక్టర్లకు రక్షరేకులు కట్టే పెద్దాయన ఒకడున్నాడు. మొండయ్య ఎవరికీ చెప్పకుండా అతని దగ్గరికి పోయి పలచని చిన్న రాగిరేకు ఒకటి తీసుకున్నాడు. ఇంటికి వచ్చాక, ఫోన్ వెనక రబ్బరు కవరు విప్పి, రేకును లోపల పెట్టి, మళ్లీ కవరు బిగించాడు. బిళ్లలోంచి ఏ చెడ్డ కరెంటు వచ్చినా ముందు రేకును దాటాలి. యాదవ్వకు చెబితే కూతురికి చెబుతుంది, కూతురు నవ్వుతుంది. అందుకని చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఫోన్‌ను బిళ్ల మీద పెట్టి మగ్గం ఎక్కాడు. కొంతసేపటికి ఫోన్ మోగింది. యాదవ్వ పోయి ఫోన్ వెనక చెయ్యి వేసి ఎత్తింది. ఎత్తీ ఎత్తగానే కెవ్వుమని అరిచి జారవిడిచింది.

మొండయ్య మగ్గం మీది నుంచి ఎలా దూకాడో అతనికే తెలియదు. ముందు ప్లగ్గు పీకాడు. అది చాలదని మెయిన్ ఆపేశాడు. యాదవ్వ వేళ్ల కొసలు ఎర్రగా కందిపోయాయి. ఫోన్ కవరు ఒకచోట గోధుమరంగుకు తిరిగి మెత్తబడింది. రబ్బరు కాలిన వాసన వేస్తోంది. ఆమె వేళ్లు నీళ్లలో పెట్టుకుంటున్నప్పుడు, అతను వీపు తిప్పుకుని కవరు విప్పాడు. రేకు నిప్పులా ఉంది. తువ్వాలతో పట్టి తీసి, చల్లారాక జేబులో వేసుకున్నాడు. అతని మనసులో ఒకటే మాట. ఈ రేకు అడ్డం లేకపోతే ఆ వేడంతా యాదవ్వ ఒంట్లోకి పోయేది.

యాదవ్వకున్న చిన్న బటన్ల ఫోన్ నుంచి కూతురికి ఫోన్ చేశాడు.

"ఏం తెచ్చినవ్ బిడ్డా ఇంటికి? మీ అమ్మ చెయ్యి కాలింది. మీ చిన్నబాపు పోయింది సాలదా? ఇంకొకలు పోవాల్నా?"

మధ్యాహ్నానికి రాజశ్రీ ఆఫీసులో చెప్పి ఇంటికి వచ్చేసింది. బిళ్ల వాకిట్లో పడేసి ఉంది. ఆమె తల్లి వేళ్లకు మందు రాసి, తర్వాత ఫోన్ కవరు చేతిలోకి తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది.

"బాపూ, ఈ మచ్చ నలుచదరంగ ఉన్నదేంది? ఫోన్ల అట్లాంటిది ఏం లేదు. నడుమ ఏమన్న పెట్టినవా?"

"నేనేం పెడుత?"

అంటూనే అతని చెయ్యి జేబు మీదికి పోయింది. రాజశ్రీ చూసింది. ఇప్పటిదాకా తండ్రి ఆమెను అనుమానించాడు. ఇప్పుడు ఆమె తండ్రిని అనుమానించడం మొదలుపెట్టింది.

"నా మీద నమ్మకం లేకుంటే లేకపాయె," అంది చివరికి. "దేవదాస్ మామ మీద ఉన్నది కదా. పోదాం పా. ఇప్పిచ్చి చూద్దాం."

దేవదాస్‌కు ఎనుమాముల మార్కెట్‌కు పోయే రోడ్డు మీద మోటారు వైండింగ్ దుకాణం ఉంది. మిర్చి, పత్తి అమ్ముకోవడానికి వచ్చే రైతులు కాలిన బావి మోటార్లు కూడా వెంట తెచ్చి అతనికిచ్చి పోతారు. కరెంటు పనివాళ్లలో మొండయ్య నమ్మేది అతనొక్కణ్ణే. ఏ వస్తువైనా విప్పి చూపించాకే మాట్లాడతాడని ఆ నమ్మకం.

దేవదాస్ సన్నటి బ్లేడుతో బిళ్ల అంచు లేపి పైమూత తీశాడు. లోపల సకినంలా చుట్లు చుట్లుగా పరుచుకున్న రాగి తీగ ఉంది. దాని కింద నల్లటి పలక, పక్కన చిన్న సర్క్యూట్.

"గింతేనా?" అన్నాడు మొండయ్య. లోపల ఇంకేదో ఉంటుందని అతను అనుకున్నాడు.

"గింతే మొండన్నా. ఇది నేను మోటార్లకు చుట్టే వైండింగ్ అసోంటిదే, పలచగ పరిచిండ్రు."

"ఇట్లాంటి చుట్టే ఫోను వీపుల ఇంకొకటి ఉంటది బాపూ," అంది రాజశ్రీ. "రెండు చుట్టలు ఒకదాని ముంగట ఒకటి ఉండాలె. నువ్వు మగ్గం కొడుతాంటే అరుగు అదిరి ఫోను పక్కకు జరుగుతాంది. అందుకే ఆగిపోతాంది."

"జరుగుడు సంగతి సరే. కరెంటు ఎట్ల దాటుతాంది? అది చెప్పు."

"కరెంటు దాటది."

మొండయ్య కూతురి ముఖంలోకి అనుమానంగా చూశాడు. దేవదాస్ బల్ల సొరుగులోంచి అయస్కాంతం ముక్క, ఇనుప మొల తీశాడు. ఒక అట్ట మీద మొల పెట్టి, కింద అయస్కాంతం తిప్పాడు. పైన మొల దానితోపాటే తిరిగింది.

"అన్నా, అట్టకు బొక్క పడ్డదా? లే. నా చేతిలది ఏమన్న పైకి వచ్చిందా? రాలే. అయస్కాంతం గుంజుడు మాత్రమే పైకి అందింది. తీగ చుట్టల కరెంటు పారితే ఆ చుట్ట అయస్కాంతం లెక్కనే అయితది. ఈ బిళ్లల కరెంటు ఒకదిక్కే పారది, క్షణానికి లక్షసార్లకంటే ఎక్కువ అటుఇటు తిరుగుతాంటది. అయస్కాంతం సుత దాంతోని అటుఇటు ఊగుతది. ఆ ఊపు తగిలితే ఫోను చుట్టల కొత్త కరెంటు పుడతది. ఇక్కడిది ఇక్కడనే ఉన్నది. అక్కడిది అక్కడనే పుట్టింది."

"అక్కడ పుట్టిన కరెంటును ఫోను ఒక్క దిక్కుకు మలుపుకొని బ్యాటరీకి ఇస్తది," అంది రాజశ్రీ.

మొండయ్యకు ఇంకా నమ్మకం కుదరలేదు. దేవదాస్ సన్నటి రాగి తీగను డబ్బా మూత చుట్టూ చుట్టి, ఆ చుట్టకు చిన్న ఎల్‌ఈడీ బల్బు తగిలించాడు. బిళ్లకు ప్లగ్గు పెట్టి చుట్టను దాని మీద ఉంచాడు. బల్బుకు ఏ బ్యాటరీ లేదు, బిళ్లకూ దానికీ మధ్య ఏ తీగా లేదు. అయినా అది ఒకసారి మినుక్కుమంది. ఆగింది. మళ్లీ మినుక్కుమంది.

మొండయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "సరిగ ఎలుగుతలేదేంది? ఇదేదో సైగ చేస్తాంది."

"అవు బాపూ, సైగనే," అంది రాజశ్రీ. "పైన ఎవలన్న ఉన్నరా అని మాటిమాటికి అడుగుతాంది. ఫోను పెడితే, నేనున్న, నాకింత కావాలె అని జవాబిస్తది. అప్పుడే బిళ్ల గట్టిగ ఇస్తది. ఈ బల్బుకు జవాబు చెప్పరాదు. అందుకే బిళ్ల అడిగి అడిగి ఊకుంటాంది."

"మరి మీ అమ్మ చెయ్యి ఎందుకు కాలింది?"

దేవదాస్ ఫోన్ కవరు మీది చదరపు మచ్చను వేలితో తడిమాడు. "అన్నా, ఇట్ల కాలాలంటే నడుమ లోహం ముక్క ఉండాలె. అది తప్ప వేరే దారి లేదు."

రాజశ్రీ తండ్రి వైపు చూడకుండా గోడకున్న ఫ్యాను వైపు చూస్తూ నిలబడింది. మొండయ్య జేబులో చెయ్యి పెట్టి రాగిరేకు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదే ఆపిందనుకున్న," అన్నాడు మెల్లగా. "ఇది లేకుంటే ఇంకా అన్యాలమైతుండె అనుకున్న."

రాజశ్రీ నవ్వలేదు. రేకును బిళ్ల మీద పెట్టి, దాని మీద ఫోన్ పెట్టింది. కొంచెంసేపు ఆగి ఫోన్ తీసింది. దేవదాస్ రేకును వేలితో తాకి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అయస్కాంతం ఊపు లోహానికి తగిలినా అండ్ల కరెంటు పుడతది. బయటికి పోను తొవ్వ లేక అండ్లనే సుడి తిరుగుతది. దాంతోని లోహం కాలుతది. ఇండక్షన్ పొయ్యి మీద గిన్నె కాలుడు గిట్లనే," అన్నాడు.

"అంటే రేకు కాపాడలే."

"కాపాడలే బాపూ. కాలిందే అది."

"మీ అమ్మ చెయ్యి నేనే కాల్చిన."

"ఒక్కనివే కాదు," అంది రాజశ్రీ. బిళ్ల మూతను తిప్పి చూసింది. దాని మీద ఏ కంపెనీ పేరూ లేదు. "మంచిదైతే నడుమ లోహం ఉన్నదని తెలుసుకొని ఆగిపోవాలె. ఇది ఆగలే. కొనేటప్పుడు నేను పేరు సుత చూడలే. నువ్వు ఏడ కొన్నవ్, ఏడ కొన్నవ్ అని అడిగితే నాకు కోపమొచ్చింది గని, అడగాల్సిందే."

ఆ మాటతో మొండయ్య ముఖం కొంత తేటపడింది. అయినా అతని అసలు ప్రశ్న ఇంకా గొంతులోనే ఉంది. దేవదాస్‌నే అడిగాడు.

"తమ్మీ, అది లోహంల సుడి తిరిగినట్టు మనిషిల తిరగదా? నా తమ్మునికి తగిలినట్టు తగలదా?"

దేవదాస్‌కు కట్టయ్య సంగతి తెలుసు. పనిముట్లు పక్కన పెట్టి తిన్నగా మొండయ్య వైపు తిరిగి చెప్పాడు.

"కట్టయ్యకు తగిలింది మోటారు కరెంటు అన్నా. ఇనుముల నుంచి చేతిలకు, చేతిల నుంచి తడినేలలకు దానికి తొవ్వ దొరికింది. ఇక్కడ గోడకాడ అడాప్టర్‌లనే కరెంటు టార్చిలైట్ బ్యాటరీ లెక్క చిన్నగయితది. ఈ బిళ్ల మీద ప్లాస్టిక్ మూత ఉంటది. ఇక అయస్కాంతం ఊపు వేలెడు దూరం పోతే చచ్చిపోతది. నువ్వు మడత పెట్టిన జంపఖానానే దాటలేకపాయె. మన ఒళ్లు లోహం కాదు, చుట్ట కాదు. ఇంత చిన్న ఊపుకు మన ఒంట్ల లెక్కకొచ్చేంత ఏం పుట్టది. గుండెల మిషన్ పెట్టుకున్నోళ్లు మాత్రం జర దూరం ఉండాలె. అది డాక్టర్‌ను అడగాలె."

మొండయ్య మూత మళ్లీ బిగించమన్నాడు. ప్లగ్గులో కరెంటు ఉన్నదో లేదో తనే చూసుకున్నాడు. చొక్కా చేతి మడత పైకి లాక్కుని, అరచేతిని బిళ్ల మీదికి తెచ్చాడు. కొంత పైనే ఆపాడు. రాజశ్రీ ఏదో అనబోతే దేవదాస్ సైగ చేసి ఆపాడు. కట్టయ్య పోయిన తర్వాత మొండయ్య టెస్టర్ ఆనించకుండా కరెంటు ఉన్న వస్తువును తాకడం ఇదే మొదలు. చెయ్యి కిందికి దించాడు. బిళ్ల మీద పూర్తిగా ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. రోడ్డు మీద మిర్చి బస్తాల లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. అతను చెయ్యి తీయలేదు.

"ఏం లేదు," అన్నాడు కళ్లు తెరిచి. తనకు తానే చెప్పుకున్నట్టు ఇంకోసారి అన్నాడు, "ఏం లేదు."

దేవదాస్ ఫోన్ అందుకుని ఆపేసి, బొర్రలో ఒక సన్నటి పుల్ల పెట్టి మెల్లగా తవ్వాడు. ఎర్ర నూలు, పచ్చ నూలు కలిసి ముద్దకట్టిన దుమ్ము బయటికి వచ్చింది. చార్జర్ పిన్ను గుచ్చితే టక్కున కూర్చుంది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొదటే ఇలా తవ్వి ఉంటే బిళ్ల ఊసే వచ్చేది కాదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో తండ్రీ కూతుళ్లే ఉన్నారు.

"ఫోన్ల నోరు జారిన బిడ్డా," అన్నాడు మొండయ్య.

"చిన్నబాపు ఎట్ల పోయిండో నువ్వు నాకు ఎన్నడు చెప్పలే బాపూ. కరెంటుతోని పోయిండని అమ్మ ఒక్క మాట చెప్పింది. అంతే. తెలిస్తే నేను అట్లనే పోతది అనకపోదును."

అప్పుడు అతను చెప్పాడు. తడినేల, చట్రం మీద చెయ్యి, మగ్గాల చప్పుడులో ఎవరికీ తెలియకపోవడం, అన్నీ చెప్పాడు. కట్టయ్యకు పాటలంటే ఎంత పిచ్చో, షెడ్డులో మగ్గాల మోతను మించి ఎలా పాడేవాడో కూడా చెప్పాడు.

ఆ వారంలోనే రాజశ్రీ పాత బిళ్లను కొన్నచోటే తిరిగి ఇచ్చేసింది. ఈసారి తండ్రిని వెంట తీసుకుపోయి, కంపెనీ పేరూ ముద్రా చూసి మరీ ఇంకో బిళ్ల కొన్నది. కొట్టువాణ్ణి మొండయ్య అడిగిన ప్రశ్నలకు వెనక నిలబడ్డ వాళ్లు విసుక్కున్నారు. లోహం పెడితే ఆగుతుందా, ఆగినట్టు ఎలా తెలుస్తుంది, చూపించు అని పట్టుపట్టాడు. కొట్టువాడు తాళంచెవి పెట్టి చూపించేదాకా కదలలేదు.

ఇంట్లో యాదవ్వ ఆ బిళ్ల మీదే ఫోన్ పెడుతుంది. మొండయ్య మాత్రం పొద్దున్నే బొర్రలో దుమ్ము దులిపి వైరుతోనే చార్జింగ్ పెట్టుకుంటాడు. నమ్మకం లేక కాదంటాడు, అలవాటు అంటాడు. యాదవ్వ ఆ మాట నమ్మదు.

ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా అతని చూపు ముందు వాళ్ల ఫోన్ వెనక్కి పోతుంది. మొన్న యాదవ్వ అన్న వచ్చి బిళ్ల మీద తన ఫోన్ పెట్టబోతుంటే, మొండయ్య మగ్గం మీది నుంచే కేకేశాడు.

"బావా, ఆగు. కవర్ల ఏం పెట్టినవ్?"

"ఏం లేదు బావా."

"లేదంటానవ్ అంటేనే ఏదో ఉన్నది. ఇప్పు."

కవరు విప్పితే బ్యాంకు కార్డు, దాని వెనక దేవుడి బొమ్మ ఉన్న వెండి బిళ్ల బయటపడ్డాయి. మొండయ్య రెండూ తీసి బావ చేతిలో పెట్టి, ఫోన్‌ను తనే బిళ్ల నడుమ సరిగ్గా పెట్టి, చార్జింగ్ ఎక్కుతున్న గుర్తు కనపడేదాకా అక్కడే నిలబడ్డాడు.